టేపు వినని గురువారం

“మాస్టారూ, నా జాకెట్టు ఎప్పుడిస్తారు?” అని మైకులో అడిగింది డాక్టర్ హైమవతి.

“రేపేనమ్మా. అయిపోయినట్టే. హుక్కులు కుట్టడమొక్కటే మిగిలింది,” అన్నాడు దర్జీ దస్తగిరి, స్టేజీ మీద చేతులు కట్టుకుని నిలబడి.

వాళ్ళ వెనక గోడంత తెర వెలిగింది. “చెప్పింది: రేపు. ఇచ్చేది: ఇరవై రోజులకి.” హాలు హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న మంత్రిగారు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. దస్తగిరి కూడా నవ్వబోయి, దగ్గొచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రెండో వరసలో ఆయన భార్య కాశింబి కొంగు మొహానికి కప్పుకుంది. సిగ్గుతో కాదు, ఆవిడకీ నవ్వాగలేదు. ఇరవై రోజులన్నది నిజమే మరి.

మా పట్నంలో ఊపిరి కేంద్రం కోసం తయారుచేసిన యంత్రానికి ప్రారంభోత్సవం ఇలా జరిగింది. కాగితాల్లో దాని పేరు “వ్యవధి”. జనం మాత్రం మొదటి రోజు నుంచీ టేపు అనే అన్నారు. ఎందుకన్నారో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

హైమవతి పైచదువు చదివింది ఇంగ్లండులో. అక్కడి మనుషులు కాలాన్ని గుడ్డను కొలిచినట్టు కొలుస్తారని ఆవిడ గమనించింది. లాంగ్ టైమ్ అంటారు, షార్ట్ టైమ్ అంటారు. మొన్న శుక్రవారం కలిసిన మనిషినే పట్టుకుని “లాంగ్ టైమ్ నో సీ” అంటాడొకడు. “ఐ వోంట్ బీ లాంగ్” అని లోపలికెళ్ళిన ఇల్లాలు పొయ్యిమీది టీ చల్లారాక బయటికొస్తుంది. “బిఫోర్ లాంగ్” అన్న డాక్టరు మాట ఒకచోట వారమైతే ఇంకోచోట ఏడాది. వీళ్ళందరి లాంగూ ఒక్కటేనా అని ఆవిడకి అనుమానమొచ్చింది. వేలమంది చొక్కాలకి చిన్న మైకులు తగిలించి, వాళ్ళన్న మాటల పక్కన గడియారం చూపిన కాలాన్ని పెట్టి చూసింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మనిషికీ మనిషికీ లాంగు మారుతుంది గానీ, ఒకే మనిషిలో మారదు. ఒకడి లాంగు పావుగంటైతే, ఆఫీసులోనైనా పడకగదిలోనైనా అది పావుగంటే. ఎవరి మాట ఎంత సాగుతుందో తెలిస్తే చాలు, ఆ మనిషి ఏమన్నా దాని అసలు పొడుగు తేల్చెయ్యొచ్చు. ఆ లెక్కకి ఆవిడ పెట్టిన పేరు ఎలాస్టిసిటీ ఇండెక్స్. మనవాళ్ళు దాన్ని సాగుడు అన్నారు. దస్తగిరి సాగుడు ఇరవై, పట్నంలోకెల్లా ఎక్కువ. ఆవిడ కాలేజీ రోజుల నుంచీ ఆయన దగ్గర జాకెట్లు కుట్టించుకుంటోంది కాబట్టి, ప్రారంభోత్సవానికి నమూనా వెతుక్కోవలసిన పని పడలేదు.

ఇంతకీ ఊపిరి కేంద్రంలో ఈ గోలెందుకంటారా? కొన్నేళ్ళుగా చలికాలం వచ్చిందంటే మా పట్నం మీద పొగ దిగుతోంది. కొండల్లో అడవి తగలబడ్డ పొగ, చెత్తగుట్టల పొగ, ఫ్యాక్టరీల పొగ కలిసి మూడు నెలలపాటు కదలదు. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళని కేంద్రంలో కుర్చీలో కూర్చోబెడతారు. కుర్చీ వాళ్ళ రక్తాన్ని బయటికి తీసి, గాలి కలిపి, మళ్ళీ లోపలికి పంపుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుంటే మనిషి మళ్ళీ కొన్ని వారాలు తిరుగుతాడు. మధ్యలో లేపితే పోతాడు. కుర్చీలేమో గుప్పెడు, జనమేమో వందలు. వేలికి తగిలించే మీటరు పొగ రోజుల్లో అందరికీ ఒకే అంకె చూపిస్తుంది. ఇక ఎంతసేపు ఆగగలడో రోగికే ముందు తెలుస్తుంది. వాణ్ణి అడిగితే చచ్చిపోతున్నానంటాడు. ప్రతివాడూ అదే అంటాడు!

అంతకు ముందు సంవత్సరం కుర్చీలన్నీ ఫోన్ల మీదే నడిచాయి. పెద్దవాళ్ళ బావమరుదులు కూర్చున్నారు, మిగతావాళ్ళు గేటు బయట పోయారు. జనం కేంద్రం అద్దాలు పగలగొట్టారు. అందుకే హైమవతి టేపుని తెచ్చింది. రోగి మాట టేపు వింటుంది, దర్జీ టేపు గుడ్డని కొలిచినట్టు వాడి సాగుడుతో కొలుస్తుంది, వరస తనే తేలుస్తుంది. జనం దాన్ని టేపన్నది అందుకే. మధ్యలో ఏ మనిషీ చెయ్యి పెట్టడానికి లేదు. చివరికి ఆవిడ కూడా చెయ్యి పెట్టలేకుండా, ఆ దారి తనే మూయించేసింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

ప్రారంభోత్సవం అయ్యాక కాశింబి మాత్రం హైమవతి దగ్గరికెళ్ళి నసిగింది.

“అమ్మా, ఒక్కమాట. అది కొట్టు మాట గదా. ఇంట్లో ఆయన అట్టా ఉండడు. ఆకలన్నాడంటే ఆకలే.”

“మనిషికి నోరొకటే కదా కాశింబీ,” అంది హైమవతి నవ్వుతూ. “వేలమంది మీద చూశాను. కొట్టుకొక సాగుడు, ఇంటికొక సాగుడు ఎవరికీ ఉండదు.”

కాశింబి తలూపి వచ్చేసింది. అంత చదువుకున్నావిడ చెబితే కాదనడానికి ఆవిడెవరు?

నా ఒళ్ళు మండేది ఇక్కడే. హైమవతి ఈ ఊరి పిల్లే కదా, దర్జీ మాట సంగతి తెలియదా? మన దగ్గర దర్జీ రేపంటే అది అబద్ధం కాదు, మర్యాద. “ఇరవై రోజులు పడుతుందమ్మా” అని నిజం చెప్పి చూడండి. “ఏం, నా జాకెట్టంటే అంత లోకువా?” అని గుడ్డ సంచిలో వేసుకుని పక్క కొట్టుకి పోతారు. అందుకని ఆయన రేపంటాడు, వీళ్ళు సరేనంటారు, రేపు ఎవరూ రారు. నెల తిరిగేలోపు ఒకటికి రెండుసార్లు అడిగి తీసుకుపోతారు. ఇందులో మోసపోయినవాడు ఇంతవరకూ లేడు. ఇంగ్లండులో దర్జీ మూడు వారాలంటే మూడు వారాలేనట, అక్కడ ఈ బాధ లేదు.

పొగ ముదిరింది. దస్తగిరికి దగ్గు ముదిరింది. పాత బస్టాండు వెనక సందులో ఆయన కొట్టు. ముప్పై ఏళ్ళుగా గుడ్డల నూగు పీల్చిన ఛాతీ, దాని మీద ఈ పొగ. మిషను నాలుగు తొక్కులు తొక్కితే ఆయాసమొచ్చేది. కేంద్రంలో పేరు రాయించుకున్నారు. టేపు మైకు చొక్కా బొత్తాంలా ఉంటుంది. దస్తగిరే దాన్ని తన కాలరు కింద రెండు దారాలేసి గట్టిగా కుట్టుకున్నాడు.

“ఏమయ్యా, ఆ ఇరవై ఇంకా నీ నెత్తినే ఉందంట,” అంది కాశింబి ఒకరోజు, కేంద్రం నుంచి వచ్చి. “నువ్వు గంట ఆగలేనంటే అది ఇరవై గంటలు ఆగుతావంటదంట. నువ్వు నిజం చెప్పినా నమ్మదంట.”

“చాంపియన్ని గదే, మరి!” అన్నాడు దస్తగిరి.

“నీ చాంపియన్ పాడుగాను. సాగుడు తగ్గే దారి ఉందంట. చెప్పిన రోజుకి మూడు మాటలు వరసగా నిలబెట్టుకుంటే పాత లెక్క తీసేసి కొత్తగా కొలుస్తదంట. ఇకనైనా చెప్పిన రోజుకి ఇవ్వు.”

దస్తగిరి తిరుగుతున్న మిషను చక్రాన్ని చేత్తో ఆపేశాడు. “సరే, ఇద్దాం,” అన్నాడు. ఆయనకి భయమేసిందని కాశింబికి అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి దస్తగిరి మారిపోయాడు. ఆయాసపడుతూనే పొద్దున్నే గుడ్డ కత్తిరించేవాడు. కాజాలు కాశింబి కుట్టేది. సోమవారమన్నది ఆదివారం సాయంత్రానికే అయిపోయేది. కుట్టిన జాకెట్లు కొట్టులో ఇనప కడ్డీకి వేలాడదీసి, ఇద్దరూ సందులోకి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎవరొస్తారు? దర్జీ చెప్పిన రోజుకి కొట్టుకెళ్ళే వెర్రిబాగులవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా? పైగా బయటంతా పొగ. దస్తగిరి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు.

“అమ్మా, మీ జాకెట్టు అయిపోయింది, రండి.”

“అబ్బా, ఏం పరాచికాలు దస్తగిరీ! వచ్చే వారం ఆ పక్కకి వస్తాలే.”

టేపుకి తెలిసేది రెండే. ఎప్పుడిస్తానన్నాడు, ఎప్పుడు చేతికిచ్చాడు. కడ్డీకి వేలాడే జాకెట్టు దానికి కనిపించదు. చేతికిచ్చేదాకా ఆ మాట నిలబడ్డట్టూ కాదు, తప్పినట్టూ కాదు. కాశింబి రెండు జాకెట్లు పట్టుకుని తనే ఇళ్ళకి వెళ్ళి ఇచ్చొచ్చింది. దస్తగిరి కాలరు ఆవిడ వెంట వెళ్ళలేదు కాబట్టి అవీ లెక్కలోకి రాలేదు.

అయినా దేవుడు కాస్త దయ చూపించాడు. ఎదురింటి టీచరమ్మ ఉప్పు కోసం వచ్చి, కడ్డీకున్న తన జాకెట్టు చూసి, “ఓరి నీ దుంపతెగ, నిజంగానే అయిపోయిందా!” అని తీసుకుపోయింది. అది మొదటిది. మర్నాడు ఆవిడ చెల్లెలు, అక్క మాట నమ్మలేక పందెం కాసి వచ్చి, ఓడిపోయి, తనదీ పట్టుకుపోయింది. అది రెండోది. కాశింబి ఆ పూట సేమ్యా వండింది.

మూడోది హైమవతి జాకెట్టు. ప్రారంభోత్సవం నాటిది కాదు, అది ఇరవై రోజులకే ఇచ్చాడు. ఇది ఢిల్లీలో టేపుకి ఏదో బహుమతి ఇస్తున్నారని, అక్కడ కట్టుకోబోయే ముదురాకుపచ్చ పట్టుచీర మీదికి. కాశింబి వారం కింద కేంద్రానికెళ్ళినప్పుడు ఆవిడే గుడ్డ చేతికిచ్చింది. దస్తగిరి ఫోన్ చేశాడు.

“అమ్మా, గురువారం సాయంత్రానికి అయిపోద్ది. మీరొచ్చి తీసుకోండమ్మా.”

“మీ గురువారం నాకు తెలియదా మాస్టారూ!” హైమవతి పకపకా నవ్వింది. “తొందరేం లేదు. ఢిల్లీ ప్రయాణం నెలాఖరుకి కదా, అప్పుడొస్తాలెండి.”

“కాదమ్మా, గురువారానికే. ఖాయంగా.”

“సరే సరే, వస్తాను,” అందావిడ, అందరూ అనేటట్టే.

ఫోన్ పెట్టేశాక కాశింబి ఆయన చెయ్యి పట్టుకుంది. కాలరు వైపు చూసి, గొంతు తగ్గించి, “నేను పోయి చెప్పనా? మూడోది మీదేనమ్మా, వచ్చి పట్టుకుపొండి అని,” అంది.

దస్తగిరి కాలరుని గుప్పిట్లో మూసి, వద్దని తలూపాడు. సంగతేమిటంటే, ఇలా మనుషుల్ని పిలిపించుకుని మాట నిలబెట్టినట్టు నటించినవాళ్ళు అంతకు ముందే కొందరున్నారు. వెనక సందులో పాల వ్యాపారి ఒకాయన బావగారికి దొంగ మాటలిచ్చి, దొంగ చెల్లింపులు చేసి దొరికిపోయాడు. టేపు ఆయన పేరు వరసలోంచే కొట్టేసింది. ఆ సంగతి తెలిపిన కాగితం మీద సంతకం హైమవతిదే. పేరు పోయిన పదో రోజున పాలాయన పోయాడు. ఆ భయంతో కాశింబి నోరు కట్టేసుకుంది.

గురువారం మధ్యాహ్నానికే జాకెట్టు అయిపోయింది. చేతులకి సన్నటి పైపింగు, వెనక ముడికి గుడ్డతో చేసిన రెండు పూసలు. అంత శ్రద్ధగా దస్తగిరి తన పెళ్ళి చొక్కా కూడా కుట్టుకోలేదు. ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, బల్ల మీద పెట్టాడు. సాయంత్రమైంది. సందులో స్కూటరు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేవాడు. దీపాలు పెట్టే వేళకి, “పొగ గదా, రేపొస్తదిలే,” అన్నాడు. అన్నాక ఆ మాట తనకే చేదుగా తగిలి, జాకెట్టు చుట్టిన కాగితం మడతలు మళ్ళీ సర్దాడు. శుక్రవారం ఆవిడ రాలేదు.

శనివారం పొద్దెక్కేసరికి దస్తగిరి పెదాలు నల్లబడ్డాయి. కాశింబి ఆటోలో వేసుకుని కేంద్రానికి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా తెర. అందరినీ అడిగినట్టే టేపు మెత్తటి గొంతుతో అడిగింది.

“దస్తగిరి గారూ, ఇంకా ఎంతసేపు ఆగగలరు?”

“సాయంత్రం... దాకా. అంతే... తల్లీ.”

తెర వెలిగింది. “చెప్పింది: సాయంత్రం వరకు. ఆగగలిగేది: వారం. మీ కుర్చీ వచ్చే శనివారం. జాగ్రత్తగా ఇంటికి వెళ్ళిరండి.”

“వారమా? వారమేంది!” కాశింబి అద్దం మీద అరచేతులతో కొట్టింది. “చూడండయ్యా ఎవరన్నా! మనిషి పోతున్నాడు! నిజమే చెబుతున్నాడయ్యా ఈసారి!”

కేంద్రం కుర్రడాక్టరు ఒకడు పరిగెత్తుకొచ్చాడు. వేలి మీటరు పెట్టాడు, అందరికీ చూపించే అంకె చూపించింది. అతను ఒక సిలిండరు తెచ్చి ముక్కుకి గొట్టం పెట్టి, మేడమీదికి ఫోన్ చేశాడు. హైమవతి మెట్లు దిగి వచ్చింది. దస్తగిరి మొహం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. ఆవిడ టేపు తెర ముందుకెళ్ళి తన పేరు చెప్పింది, హోదా చెప్పింది, చెయ్యి పెట్టనివ్వమంది. “వ్యవధి నిర్ణయంలో మనుషుల జోక్యం లేదు,” అంది అది. ఆ వాక్యం ఆవిడ రాసిందే. మంత్రిగారికి ఫోన్ చేసింది. “మీరే కదమ్మా, నేనడిగినా కుదరదని పేపర్లో వేయించారు,” అన్నాడాయన. పాపం, ఆయనకి కోపం కూడా లేదు, నిజంగానే ఏమీ చెయ్యలేడు.

నాలుగింటికి ఒక కుర్చీ ఖాళీ అయింది. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన రెండు రోజులు ఆగగలనన్నాడు. ఆయన జీవితమంతా ఇచ్చిన టైముకి వచ్చిన మనిషి, సాగుడు ఒకటి. తలుపు ఆయనకి తెరుచుకుంది. ఆయన దస్తగిరి వైపు చూసి, “ఈయన్ని పంపండి, నేను ఆగుతాను,” అన్నాడు. దస్తగిరిని మోసుకెళ్ళి కూర్చోబెట్టారు. కుర్చీ కదల్లేదు. తలుపు ఎవరి పేరున తెరుచుకుందో వాళ్ళకి తప్ప అది పనిచెయ్యదు. పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని తనే కూర్చున్నాడు.

“మాస్టారూ,” హైమవతి బెంచీ పక్కన నేల మీద కూర్చుంది. “మూడు మాటలు వరసగా... ఏదైనా ఒకటి నిలబెట్టి ఉంటే... ఎవరికైనా ఏదైనా ఇచ్చారా చెప్పండి.”

దస్తగిరి ఆవిడ వైపు చూశాడు. ఏదో అనబోయాడు గానీ, ఊపిరి అందలేదు. కాశింబి చేతిని మాత్రం గట్టిగా నొక్కాడు. ఆ మనిషి కళ్ళ ముందే పోతుంటే కాశింబికి ఇంకో మాట వినిపించే స్థితి లేదు.

మసీదులో సాయంత్రం నమాజు పిలుపు ఇంకా పూర్తికాలేదు, దస్తగిరి ప్రాణం పోయింది. కుర్రడాక్టరు నాడి చూసి, టైము పైకి చెప్పాడు. కాలరు కింద బొత్తాం అది వింది. సాయంత్రమన్నాడు, సాయంత్రమే అయింది. చేతికిచ్చిన ఆ రెండు జాకెట్లతో కలిపి మూడు మాటలూ వరసగా నిలబడ్డాయి. టేపు పాత లెక్క తీసేసింది. కాశింబి ఒళ్ళో ఫోను మోగింది.

“దస్తగిరి గారూ, అభినందనలు. మీ సాగుడు ఒకటి. మీరు మొదటి వరసలో ఉన్నారు. వెంటనే రండి.”

ఈ ముక్క హైమవతే చదివి వినిపించాల్సి వచ్చింది, కాశింబికి చదువు రాదు. చదివాక ఆవిడ ఫోను తిరిగివ్వడం మర్చిపోయి దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

తర్వాత పదిహేను రోజులకి, ఇంకా పొగ వదలని ఒక పొద్దున, పాత బస్టాండు వెనక సందులోకి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. దస్తగిరి పోయిన సంగతి కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. కానీ అందరూ వాళ్ళ వాళ్ళ లెక్క ప్రకారం సరిగ్గా సమయానికే వచ్చారు. వచ్చినవాళ్ళకి కాశింబి కడ్డీ మీంచి జాకెట్లు తీసి ఇచ్చింది. “అయ్యో, అన్నీ కుట్టేశాడే!” అని ఒకావిడ ఆశ్చర్యపోయింది. కాశింబి ఔనంది.

హైమవతి అందరికన్నా చివర వచ్చింది. ఢిల్లీ ప్రయాణం మానుకుంది. టేపుని ఆపేయమని పెద్దలకి రాసింది గానీ, అది బాగా పనిచేస్తోందని ఇంకో నాలుగు పట్నాలకి కూడా పంపారట. ఆ సంగతి చెప్పి, “నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు కాశింబీ,” అంది.

కాశింబి బల్ల మీంచి కాగితం పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. హైమవతి విప్పింది. పైపింగు చూసింది, గుడ్డ పూసలు చూసింది.

“ఇది ఎప్పుడు...?”

“గురువారమే అయిపోయిందమ్మా. మూడోది మీదే. మీరొస్తానన్నారని ఆ రోజు దీపాలు పెట్టినా కొట్టు మూయనివ్వలేదు,” అంది కాశింబి.